మాట వినే కండ, వినని కండ

నాకు ఏడెనిమిదేళ్ళున్నప్పుడు ఆదివారం పొద్దున్నే నాన్న వెంట మటన్ కొట్టుకు వెళ్ళేవాణ్ణి. ఒకసారి కొక్కేనికి వేలాడుతున్న తొడ మీద ఒకచోట కండ చిన్నగా అదిరింది. కాసేపాగి మళ్ళీ అదిరింది. మేకకు తల లేదు, తోలు లేదు, సగం ఒళ్ళు అప్పటికే తూకానికి వెళ్ళిపోయింది. అయినా ఆ కండ మాత్రం, ఈగ వాలితే ఆవు తోలు విదిలించుకున్నట్టు, కదులుతూనే ఉంది. భయపడి నాన్న చొక్కా పట్టుకుని వెనక్కి నక్కాను. కొట్టు భాయ్ చూసి, "ఏం కాదు బాబూ, వేడి మాంసం. కాసేపటికి అదే ఆగుద్ది" అన్నాడు.

అది ఎందుకు అదిరిందో, ఎందుకు ఆగిపోతుందో తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. తెలిశాక ఇప్పటికీ కొట్టుకు వెళ్తే నా చూపు మూడు చోట్లకు పోతుంది. కొక్కేనికి వేలాడే తొడ. పళ్ళెంలో పెట్టిన గుండెకాయ. పక్కన కడిగి ఉంచిన బోటీ. మనం మొదటిదాన్నే మాంసం అంటాం. మిగతా రెంటినీ వేరే లెక్కలో వేస్తాం, వేరే ధర కడతాం. శరీరశాస్త్రం లెక్కలో మాత్రం మూడూ కండే. తొడలో ఉన్నది ఎముకల్ని కదిలించే అస్థి కండరం. బోటీలో, అంటే పొట్ట గోడలోనూ పేగు గోడలోనూ ఉన్నది నునుపు కండరం. గుండెకాయ దాదాపు మొత్తం హృదయ కండరం. మేకకైనా మనిషికైనా ఉన్నవి ఈ మూడు రకాలే.

కండ అనగానే మనకు జబ్బ గుర్తొస్తుంది. కండబలం అన్నా, కండలు తిరిగిన మనిషి అన్నా, కండకావరం అన్నా ఆ ఒక్క రకం గురించే. అద్దం ముందు నిలబడి బిగించి చూసుకునే రకం అది. కానీ ఇంట్లో పెద్దవాళ్ళ మందుల డబ్బా తెరిచి చూడండి. బీపీ మాత్ర, ఆయాసానికి పీల్చే మందు, కడుపు మెలిపెడితే వేసుకునే మాత్ర, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర: వీటన్నిటి గురీ అద్దంలో కనపడని కండ మీదే. అందుకే ఈ మూడింటి తేడా పరీక్ష రాసే పిల్లల కన్నా పెద్దవాళ్ళకే ఎక్కువ అవసరమని నేను నమ్ముతాను.

తేడాల కన్నా ముందు పోలిక చెప్పాలి. ఏ రకం కండరమైనా చేయగలిగింది లాగడం ఒక్కటే. తోయడం ఏ కండకూ రాదు. మోచెయ్యి మడవడానికి జబ్బ ముందున్న కండ లాగుతుంది, చాపడానికి వెనకున్న కండ లాగుతుంది. తలుపు తోసేటప్పుడు కూడా లోపల జరిగేది లాగుడే.

ఆ లాగుడు చేసేవి రెండు ప్రోటీన్లు. ఒకటి ఆక్టిన్, సన్న పోగు. ఇంకొకటి మయోసిన్, లావు పోగు. లావు పోగు పొడవునా చిన్న చిన్న తలలు పొడుచుకుని ఉంటాయి. ఆ తల సన్న పోగును పట్టుకుంటుంది, లాగుతుంది, వదిలేస్తుంది, ముందుకు జరిగి మళ్ళీ పట్టుకుంటుంది. బావిలోంచి చేద లాగేటప్పుడు చేతి మీద చెయ్యి మార్చి చేంతాడు లాగుతామే, అచ్చం అలాగే. చేంతాడు పొట్టిదైపోదు, చేతుల మీదుగా జరిగి వస్తుంది. కండ కుంచించుకున్నప్పుడు కూడా పోగులు పొట్టివి కావు, ఒకదాని పక్క నుంచి ఒకటి జారతాయి. ఈ సంగతి 1954లో బయటపడింది. ఒకే ఇంటిపేరున్న, చుట్టరికం లేని ఇద్దరు శాస్త్రవేత్తలు హ్యూ హక్స్‌లీ, ఆండ్రూ హక్స్‌లీ తమ తమ సహచరులతో వేరువేరుగా పనిచేసి, నేచర్ పత్రిక ఒకే సంచికలో ఇదే మాట చెప్పారు.

చేంతాడు లాగడానికి చేతిలో బలం కావాలి కదా. మయోసిన్ తలకు ఆ బలం ఇచ్చేది ఏటీపీ అనే పదార్థం. దీని కథలో మన భీమవరం ఉంది. అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడి దగ్గర చేరాడు. రక్తంలోనూ కండలోనూ ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కోసం ఇద్దరూ కష్టపడ్డారు. ఆ పద్ధతి 1925లో వచ్చింది, చాలా కాలం ప్రయోగశాలల్లో వాళ్ళ పేర్లతోనే నడిచింది. కండను దానితో కొలుస్తుంటే లెక్క తేలలేదు. ఫాస్ఫరస్ ఎంతుందో చెప్పే రంగు రావాల్సిన తీరులో రావడం లేదు, మెల్లగా ముదురుతోంది. మరొకరైతే పరికరాన్ని అనుమానించి వదిలేసేవారేమో. వీళ్ళు వదల్లేదు. దాని వెనక ఇట్టే విరిగిపోయే ఒక పదార్థం దాక్కుని ఉందని పట్టుకున్నారు. అదే క్రియాటిన్ ఫాస్ఫేట్, 1927లో లోకానికి చెప్పారు. ఇంకా తవ్వితే 1929లో ఏటీపీ దొరికింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా వేరే దారిలో దాన్ని పట్టుకున్నాడు.

అంతకు ముందు ఏమనుకునేవారు? కండకు బలం లాక్టిక్ ఆమ్లం వల్ల వస్తుందని. కండలో వేడి పుట్టడం, లాక్టిక్ ఆమ్లం తయారవడం మీద పనిచేసిన హిల్‌కూ మేయర్‌హాఫ్‌కూ 1922 నోబెల్ బహుమతి దక్కింది. ఆ లాక్టిక్ ఆమ్లం సిద్ధాంతం పునాది అయిదేళ్ళలో కదిలింది. కదిలించిన చేతుల్లో ఒక తెలుగువాడి చెయ్యి ఉంది. సుబ్బారావు పేరు మనం విటమిన్లతోనో, మందులతోనో ముడిపెట్టి చెప్పుకుంటాం. మన రెప్ప వాలిన ప్రతిసారీ ఖర్చయ్యేది ఆయన కండలో పట్టుకున్న ఆ పదార్థమే అని చెప్పుకోం. చెప్పుకోవాలి.

1940ల మొదట్లో, యుద్ధం జరుగుతుండగా, హంగరీలోని సెగెడ్ ఊళ్ళో సెంట్-గ్యోర్గి అనే శాస్త్రవేత్త బృందం మయోసిన్‌నూ ఆక్టిన్‌నూ కలిపి గాజు పాత్రలో దారంలా తీసింది. దాని మీద ఏటీపీ వేస్తే, ప్రాణం లేని ఆ దారం కళ్ళ ముందే కుంచించుకుపోయింది. జంతువు లేదు, నరం లేదు, కదలిక మాత్రం ఉంది.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. ఏటీపీ లేకపోతే కండ వదులైపోతుందని అనుకుంటాం. జరిగేది దానికి వ్యతిరేకం. పట్టుకున్న పట్టు వదలడానికే మయోసిన్‌కు కొత్త ఏటీపీ కావాలి. అది అందకపోతే పట్టు పట్టులాగే బిగుసుకుపోతుంది. మనిషి పోయిన రెండు మూడు గంటలకు ముందు దవడా మెడా, తర్వాత ఒళ్ళంతా కర్రలా బిగుసుకోవడానికి కారణం ఇదే. ఒకటి రెండు రోజులకు ఆ ప్రోటీన్లే చివికి మళ్ళీ సడలుతుంది. మన పల్లెల్లో ప్రాణం పోగానే పెద్దవాళ్ళు ఏడుపు దిగమింగుకుని ముందు కళ్ళు మూస్తారు, దవడకు గుడ్డ కడతారు, కాళ్ళు చాపి బొటనవేళ్ళు కలిపి కడతారు. ఆలస్యమైతే ఆ పని చేయలేమని వాళ్ళకు తెలుసు. మటన్ కొట్టులో నన్ను భయపెట్టిన తొడ ఈ బిగుతుకు ముందు దశలో ఉంది. మేక చనిపోయింది కానీ కండ కణాలు ఇంకా చావలేదు. వాటిలో మిగిలిన ఏటీపీ అయిపోయేదాకా, తెగిన నరాల కొసల్లో పుట్టే సంకేతాలకు అవి పలుకుతూనే ఉంటాయి.

ఇంతవరకూ మూడు రకాలకూ ఒకటే కథ. పోగులు అవే, ఏటీపీ అదే, 'లాగు' అని లోపల చెప్పే కాల్షియం కూడా అదే. వేరయ్యేది ఎక్కడంటే, ఆ కాల్షియానికి ఆజ్ఞ ఎవరిస్తారు, కండ ఎంత త్వరగా వింటుంది, ఎంతసేపు నిలబడుతుంది అన్న చోట.

తొడ కండను ఉడికించాక వేలితో చీలిస్తే పోగులు పోగులుగా వస్తుంది కదా. ఆ పోగుల్లో కండ కణాలు కట్టలు కట్టలుగా ఉంటాయి. ఒక్కో కణం వెంట్రుక కన్నా సన్నం, కొన్ని కండల్లో పొడవు మాత్రం సెంటీమీటర్ల లెక్క. ఎన్నో చిన్న కణాలు కలిసిపోయి ఒకటైంది కాబట్టి ఒక్కో దానిలో వందల కేంద్రకాలుంటాయి. ఆక్టిన్, మయోసిన్ పోగులు వరస తప్పకుండా పేర్చి ఉండడం వల్ల సూక్ష్మదర్శినిలో అడ్డచారలు కనపడతాయి. ఒక్క మిల్లీమీటరు పొడవులో దాదాపు 400 చారల గదులు. స్కూలు పుస్తకంలో రేఖిత కండరం అన్నది అందుకే. మన ఒంట్లో ఇలాంటి కండరాలు 600 పైచిలుకు, పెద్దవాళ్ళ బరువులో ఇంచుమించు 40 శాతం వీటిదే. పిరుదు దగ్గరిది అన్నిటికన్నా పెద్దది. చెవి లోపల సెంటీమీటరు కూడా లేని బుల్లి కండ ఒకటి, పెద్ద చప్పుడైనప్పుడు చెవి ఎముకను బిగపట్టి కాపాడుతుంది.

ఇవన్నీ ఒకే తీరున ఉండవు. కోడిని కోసినప్పుడు చూడండి. రొమ్ము ముక్క తెల్లగా ఉంటుంది, కాలు ముక్క ముదురు రంగులో ఉంటుంది. కోడి రోజంతా కాళ్ళ మీద నిలబడుతుంది, తిరుగుతుంది. ఎగరడం మాత్రం కుక్క తరిమితేనే, అదీ గోడ దాకానే. ఎక్కువసేపు పనిచేసే కండకు ప్రాణవాయువు నిల్వ ఉండాలి. ఆ నిల్వను పట్టి ఉంచే మయోగ్లోబిన్ అనే ఎర్రటి పదార్థం వల్లే కాలు ముక్కకు ఆ రంగు. గిన్నెలో మాంసం కింద చేరే ఎర్రనీళ్ళను చూసి రక్తం అనుకుంటాం. చాలావరకు అది ఈ మయోగ్లోబిన్ కలిసిన నీరే. మైళ్ళ తరబడి ఎగిరే పావురానికి రొమ్ము కండ కూడా ముదురు ఎరుపే.

మనలో ఈ రెండు రకాల కణాలూ ప్రతి కండలోనూ కలగలిసి ఉంటాయి, పాళ్ళు మారుతుంటాయి. పిక్క లోపలి కండలో నిదానం రకం ఎక్కువ, మనల్ని గంటల తరబడి నిలబెట్టేది అదే. వేగం రకం క్షణాల్లో బలమంతా పోసి, అంతే త్వరగా అలిసిపోతుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. ఒక్కో ఎత్తుకు పట్టేది కొద్ది సెకన్లు. అంతలో ఊపిరి తీసి, రక్తం మోసుకెళ్ళి, తిండిని కాల్చి శక్తి చేసే వ్యవధి లేదు. కండలో సిద్ధంగా ఉన్న ఏటీపీ రెండు మూడు సెకన్లకు సరిపోతుంది. ఆ తర్వాత సుమారు పది సెకన్ల దాకా దాన్ని మళ్ళీ నింపేది క్రియాటిన్ ఫాస్ఫేట్. భీమవరం మనిషి ప్రయోగశాలలో పట్టుకున్నదే శ్రీకాకుళం అమ్మాయి చేతుల్లో ఆ ఇనుమును పైకి లేపింది. ఈ రెండు ఊళ్ళ పేర్లూ పక్కపక్కన రాసినప్పుడు నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఆ పులకరింత కూడా కండ పనే, దాని సంగతి ముందుంది.

ఒక మాట పొరపాటు దిద్దాలి. తెలుగులో మనం దేన్నయినా నరం అనేస్తాం. మెడ పట్టేస్తే నరం పట్టింది, మడమ వెనక నొప్పి వస్తే నరం లాగింది, సూది గుచ్చడానికి నరం దొరకలేదు. సూది గుచ్చేది సిర, రక్తం పోయే గొట్టం. మడమ వెనక తాడులా తగిలేది స్నాయువు, కండను ఎముకకు కట్టే తెల్లటి పట్టీ. అర్ధరాత్రి పిక్క పట్టేసి గిలగిల్లాడేది కండే, పట్టు వదలక బిగుసుకున్న కండ. అసలు నరం సంకేతం మోసే తీగ మాత్రమే. డాక్టరు దగ్గర "నరం" అని ఊరుకోకుండా ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తుంటే అని చెబితే సగం తిప్పలు తప్పుతాయి.

ఈ అస్థి కండరానికి ఉన్న గొప్ప గుణం, వాడితే పెరుగుతుంది. కొత్త కణాలు పుట్టి కాదు, ఉన్న కణాలే లావెక్కి. వాడకపోతే అంతే త్వరగా కరుగుతుంది. తుంటి ఎముక విరిగి నెల రోజులు మంచాన పడ్డ మామ్మ తొడ చూస్తే, దుప్పటి కింద కాలు ఉందా లేదా అన్నట్టుంటుంది. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు ఇంకో సంగతి: భోజనం తర్వాత ఇన్సులిన్ మాట విని రక్తంలోని చక్కెరను అందరికన్నా ఎక్కువగా తీసుకునేది ఈ కండే. నడిచే కండయితే ఇన్సులిన్ కోసం పెద్దగా ఆగకుండానే లాక్కుంటుంది. అన్నం తిన్నాక పది నిమిషాలు నడవమనేది అందుకే.

అస్థి కండరాన్ని నియంత్రిత కండరం అనీ, నునుపు కండరాన్ని అనియంత్రిత కండరం అనీ స్కూల్లో చదివాం. ఒకటి మన మాట వింటుంది, ఇంకొకటి వినదు. గీత అంత తిన్నగా లేదు. ఊపిరి తీసే ఉదరవితానం అస్థి కండర జాతిదే, చారలున్నదే. నిద్రలో మనం ఎవరమో మనకే తెలియనప్పుడు కూడా అది పనిచేస్తుంది. ఎక్కిళ్ళు వస్తే ఎంత బతిమాలినా వినదు.

ఈ గీత ఎక్కడ చెరిగిపోతుందో తెలియాలంటే ఒక పప్పన్నం ముద్ద వెంట వెళ్ళాలి. నమలడం మీ ఇష్టం. గుటక మొదలుపెట్టడం కూడా మీ ఇష్టమే. నాలుక ముద్దను వెనక్కి నెట్టిందా, ఇక అది మీ చేతిలో లేదు. ఆ క్షణంలో ముక్కు దారి మూసుకోవాలి, ఊపిరి దారి మీద మూత పడాలి, ఊపిరి ఆగాలి. మూత ఒక్క లిప్త ఆలస్యమైతే పొలమారుతుంది. ఎవరో తలుచుకుంటున్నారని అమ్మ మాడు మీద తడుతుంది. తర్వాత అన్నవాహిక, సుమారు 25 సెంటీమీటర్ల గొట్టం. పైభాగంలో చారల కండ, మధ్యలో రెండూ కలిసి, కిందికి వచ్చేసరికి పూర్తిగా నునుపు కండ. ఆవు పొదుగు దగ్గర పాలు పితికేటప్పుడు వేళ్ళు పైనుంచి కిందికి వరసగా బిగుస్తాయి చూడండి, ఆ తీరున గొట్టం ముద్దను కిందికి పితుకుతుంది. అందుకే తలకిందులుగా వేలాడి మింగినా ముద్ద పొట్టకే చేరుతుంది. పొట్టలో నిమిషానికి మూడు చొప్పున అలలు లేచి దాన్ని చిలుకుతాయి. అక్కణ్ణుంచి పేగుల వెంట ప్రయాణమంతా నునుపు కండ రాజ్యం. ఆఖరి ద్వారం దగ్గర మాత్రం రెండు కాపలాలు: లోపలిది నునుపు కండ, బయటిది మాట వినే కండ. బస్సులో కూర్చుని మనం మర్యాదగా ఆపుకోగలిగేది ఆ బయటి కాపలాదారు దయ వల్ల.

నునుపు కండలో కణం చిన్నది, రెండు కొసలా సన్నగా నూలు కదురులా ఉంటుంది. కేంద్రకం ఒక్కటే. పోగులు వరసగా కాక వలలా అల్లుకుని ఉంటాయి కాబట్టి చారలు ఉండవు. ఇది నిదానం. చెయ్యి కాలితే జబ్బ కండ సెకనులో చిన్న వంతులో లాగేస్తుంది, దీనికి సెకన్లు పడుతుంది. కానీ ఒకసారి బిగిస్తే ఎంతో తక్కువ ఏటీపీతో గంటల తరబడి అలాగే పట్టుకోగలదు. మన రక్తనాళాలు పుట్టింది మొదలు పోయేదాకా కొంత బిగువుతోనే ఉంటాయి. జబ్బ కండకు ఆ పని అప్పగిస్తే పూట గడవకముందే కుప్పకూలుతుంది. కోడి కందనకాయ తిన్నవాళ్ళకు ఈ కండ బలం పళ్ళతో తెలుసు. గింజల్ని రాళ్ళతో కలిపి నలిపే ఆ మర మొత్తం నునుపు కండే.

ఇది మన మాట వినదు కానీ మన భయం వింటుంది. మన భాష ఈ సంగతి ఏనాడో పట్టుకుంది. భయమేస్తే కడుపులో తిప్పుతుంది, దుఃఖం వస్తే పేగులు మెలిపెడతాయి, మంచి పాట వింటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. ప్రతి రోమం మొదట్లోనూ ఒక బుల్లి నునుపు కండ ఉంది. అది లాగితే రోమం లేస్తుంది. నేను ఇందాక చెప్పిన పులకరింత అదే. కావాలని తెచ్చుకోవడం మనలో దాదాపు ఎవరికీ చేతకాదు.

ఇప్పుడు మందుల డబ్బా. ఆస్తమా వచ్చినప్పుడు ఊపిరి గొట్టాల లోపొర వాస్తుంది, చుట్టూ ఉన్న నునుపు కండ బిగుసుకుంటుంది. సాల్బుటమాల్ పీలిస్తే నిమిషాల్లో ఆ కండ సడలుతుంది. బీపీకి చాలామంది వేసుకునే ఆమ్లోడిపిన్ సన్న ధమనుల గోడల్లోని నునుపు కండను సడలిస్తుంది. గొట్టం వెడల్పయితే లోపల ఒత్తిడి తగ్గుతుంది. ఎలా సడలిస్తుందంటే, కణం బయటి నుంచి లోపలికి కాల్షియం వచ్చే తలుపును మూసి. మరి కాల్షియం లేకపోతే కాళ్ళూ చేతులూ పడిపోవా అని మా అమ్మ ఒకసారి అడిగింది. ఆ ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. జవాబు ఏమిటంటే, చేతి కండ తనకు కావలసిన కాల్షియాన్ని ప్రతి కణంలోనూ సంచుల్లో నిల్వ చేసుకుంటుంది, వాడుకుని మళ్ళీ ఆ సంచుల్లోకే తోడుకుంటుంది. ఆ క్షణానికి బయటి నుంచి తెచ్చుకోనక్కర్లేదు. రక్తనాళం కండ చాలావరకు బయటి సరుకు మీద ఆధారపడుతుంది. అందుకే ఒకే మాత్ర ఒకదాన్ని సడలించి, ఇంకొకదాని జోలికి పోదు.

నెలసరి నొప్పిని ఇంట్లో ఇప్పటికీ చాలామంది అదేం పెద్ద విషయం అన్నట్టు తీసేస్తారు. గర్భసంచి గోడ దాదాపు మొత్తం నునుపు కండ. నెలసరిలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు పుట్టి దాన్ని గట్టిగా బిగిస్తాయి, ఆ బిగువులో దానికి రక్తం తెచ్చే నాళాలే నలుగుతాయి. పిక్క పట్టేస్తే మగవాడు మంచం మీద నుంచి ఎగిరిపడతాడు. ఇదీ కండ పట్టేయడమే, గంటల తరబడి, నెల నెలా. ప్రోస్టాగ్లాండిన్లను ఆపే మాత్రలున్నాయి, డాక్టరును అడిగి వేసుకోవడంలో ఏ తప్పూ లేదు.

ఆ గర్భసంచే మామూలుగా 60, 70 గ్రాములుండి, నెలలు నిండేసరికి దాదాపు కిలో అవుతుంది. కాన్పు నాటికి దాని నాళాల్లో నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం పారుతుంటుంది. బిడ్డ బయటికొచ్చి మాయ పడిపోయాక ఆ నాళాల నోళ్ళు తెరుచుకునే ఉంటాయి. వాటిని మూసేది కుట్టు కాదు, కట్టు కాదు. నాళాల చుట్టూ అడ్డదిడ్డంగా అల్లుకున్న కండ పోగులు ఒక్కసారిగా బిగిసి వాటిని నొక్కేస్తాయి. ఆ కండ బిగియకపోతే బాలింత ప్రాణం నిమిషాల మీదికి వస్తుంది. లోకంలో ఇప్పటికీ కాన్పులో తల్లుల్ని ఎక్కువగా బలి తీసుకునేది ఈ రక్తస్రావమే. అందుకే బిడ్డ పుట్టగానే ఆక్సిటోసిన్ సూది ఇస్తారు. ఆ మందును 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచాలి, మన ఎండల్లో ఫ్రిజ్ బయట రోజుల తరబడి పడేస్తే బలం తగ్గిపోతుంది. ఒక చిన్న ఆసుపత్రిలో కరెంటు లేని ఫ్రిజ్ ఎంత ప్రమాదమో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు. బిడ్డ రొమ్ము పట్టినా తల్లి ఒంట్లో ఇదే ఆక్సిటోసిన్ ఊరుతుంది. పాలిస్తుంటే పొత్తికడుపు నొక్కినట్టు నొప్పి వస్తోందని బాలింత అంటే, మంచిదేనే అమ్మా, లోపల సర్దుకుంటోంది అనేది మా నాయనమ్మ. ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం.

ఇక గుండెకాయ. కోసి చూస్తే తొడ కండలా పోగులు పోగులుగా చీలదు, గట్టిగా ఒకే ముద్దలా ఉంటుంది. దీని కణాలకు తొడ కండలా చారలున్నాయి, నునుపు కండలా మన మాట వినని తత్వం ఉంది. కణం పొట్టిది, కొమ్మలు వేసి పక్క కణాలతో అతుక్కుని ఉంటుంది. ఆ అతుకుల్లో సన్నటి దారులున్నాయి, ఒక కణంలో పుట్టిన విద్యుత్తు వాటి గుండా పక్కదానికి పాకుతుంది. అందుకే కోట్ల కణాలు ఒక్క మనిషిలా కొట్టుకుంటాయి.

ఆజ్ఞ ఎవరిది? గుండెదే. కుడి కర్ణిక గోడలో చిన్న కణాల గుంపు ఉంది, తనంతట తానే లయగా సంకేతం పుట్టిస్తుంది. మెదడు నుంచి వచ్చే నరాలు దాన్ని తొందరపెట్టగలవు, నెమ్మదించగలవు, అంతే. గుండె మార్పిడిలో ఆ నరాలన్నీ తెగిపోతాయి, అయినా కొత్త ఒంట్లో గుండె కొట్టుకుంటుంది, నెమ్మదించే నరం లేక కాస్త వేగంగానే. లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను బయటికి తీసి ఉప్పునీటిలో గంటల తరబడి ఆడించేవాడు. ఒకసారి శుద్ధి చేసిన నీటితో ద్రావణం కలిపితే గుండె ఆగిపోయింది. ఆరా తీస్తే తేలింది: అంతకు ముందు సహాయకుడు కుళాయి నీళ్ళు వాడాడు, వాటిలో కాల్షియం ఉంది. కండకు 'లాగు' అని చెప్పేది కాల్షియం అన్న జాడ 1883 నాటి ఆ కుళాయి నీళ్ళలో దొరికింది.

నిమిషానికి 70 చొప్పున వేసుకున్నా రోజుకు లక్ష సార్లు. ఇంత పనికి గుండె కణంలో మూడో వంతు చోటు మైటోకాండ్రియాకే పోతుంది, అవి ఏటీపీ తయారుచేసే పొయ్యిలు. జబ్బలో ఆ వాటా చాలా తక్కువ. ప్రతి కొట్టుకూ కొట్టుకూ మధ్య గుండె కండ తప్పనిసరిగా సడలి తీరుతుంది. ఒకసారి బిగిశాక కొంతసేపు ఎంత సంకేతం వచ్చినా పలకని ఏర్పాటు దానిలోనే ఉంది. పిక్కలా పట్టేయకుండా కాపాడేది అదే.

ఇంత బలమైన కండకు ఒక లోటుంది. జబ్బ కండ గాయపడితే పక్కనే పడుకుని ఉన్న మూలకణాలు లేచి కొంతవరకు అతుకు వేస్తాయి. గుండెకు ఆ సాయం దాదాపు లేదు. అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 ఆధారంగా స్వీడన్ శాస్త్రవేత్తలు 2009లో లెక్క తీస్తే, పాతికేళ్ళ వయసులో ఏడాదికి ఒక శాతం గుండె కణాలు మాత్రమే కొత్తవి పుడుతున్నాయని, డెబ్బై అయిదేళ్ళకు అది అరశాతం లోపేనని తేలింది. పోయిన చోట కండ రాదు, మచ్చ వస్తుంది. మచ్చ లాగలేదు.

మా బాబాయికి ఒక రాత్రి భోజనమయ్యాక ఛాతీలో బండ పెట్టినట్టనిపించింది. గ్యాస్ అనుకున్నాడు. అందరం అలాగే అనుకుంటాం, దానికీ కారణం ఉంది. గుండె నుంచీ అన్నవాహిక నుంచీ నొప్పిని మోసే నరాలు వెన్నుపాములో ఇంచుమించు ఒకే మెట్టు దగ్గర చేరతాయి. నొప్పి ఎక్కడిదో మెదడు తేల్చుకోలేదు. ఎడమ చెయ్యి లాగినట్టుండడం కూడా అందుకే. బాబాయి సోడా తాగాడు, జీలకర్ర నమిలాడు, చెమట పడుతుంటే ఫ్యాను పెంచమన్నాడు. అప్పటికి రాత్రి పదకొండు. గుండెకు రక్తం తెచ్చే ధమని పూర్తిగా మూసుకుపోతే అరగంట తిరక్కముందే కణాలు చావడం మొదలవుతుంది, ఆ తర్వాత గంట గంటకూ చావు పాకుతుంది. ఆరింటికి పిన్ని నిద్ర లేపి చూసి ఆటో పిలిచింది. ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, రక్తంలో ట్రోపోనిన్ చూశారు. ట్రోపోనిన్ ఉండాల్సింది గుండె కండ లోపల, పోగుల మీద. కణం చస్తేనే అది ఇంతగా రక్తంలోకి కారుతుంది. ఎంత కారిందో ఆ కాగితం మీద రాసి ఉంది.

బాబాయి బతికాడు. స్టెంటు వేశారు. అప్పటిదాకా తాటిచెట్టు ఎక్కి దిగగలిగిన మనిషి, జబ్బలు ఇప్పటికీ రాళ్ళలా ఉంటాయి. మా ఇంటికి వస్తే మాత్రం మేడ మెట్ల మీద ఏడో మెట్టు దగ్గర ఆగుతాడు, గోడకు చెయ్యి ఆనిస్తాడు, ఊపిరి అందాక మళ్ళీ ఎక్కుతాడు.